డెక్ కింద స్కంక్, మధ్యలో పోయింది నా పరువు

మొత్తానికి మా డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) కింద చేరిన స్కంక్ వదిలింది. స్కంక్ అంటే పిల్లంత జంతువు, బెదిరితే భరించలేని కంపు ద్రవం చిమ్ముతుంది. నిన్ననే డెక్ చుట్టూ జాలీ బిగించి, చేతులు కడుక్కుని ఇది రాస్తున్నా. న్యూజెర్సీలో పెరడున్న ఇల్లు కొన్న మనవాళ్లకి పనికొస్తుంది.

పోయిన ఏడాది చలికాలం ముందు లాన్ నిండా గరాటు ఆకారంలో గుంతలు. గడ్డి వేళ్ల దగ్గరుండే తెల్ల పురుగుల కోసం రాత్రిపూట స్కంక్ తవ్వుతోందని తేలింది. సరే, పురుగుల మందు చల్లించాం.

అసలు కథ ఫిబ్రవరిలో. అది వాటి జత కట్టే కాలం. వెంటపడిన మగదాన్ని ఆడది ఇష్టం లేకపోతే ఆ కంపు చిమ్మి తరుముతుంది. ఆ చిమ్మడం మా డెక్ కింద, సరిగ్గా బేస్‌మెంట్ కిటికీ పక్కన జరిగింది. మా కోట్లన్నీ అక్కడే. ఇంట్లో ఉన్నవాళ్లకి కాసేపటికి ముక్కు అలవాటైపోతుంది కదా, నేను అదే కోటు తగిలించుకుని ఆఫీసుకి వెళ్లాను. మీటింగ్‌లో పక్క కుర్చీ కాస్త జరిగింది. తర్వాత మేనేజర్ గదిలోకి పిలిచి, "ఇంట్లో మీరేం చేసుకున్నా మాకు అనవసరం, ఆఫీసు టైమ్‌లో మాత్రం..." అని నసిగాడు. ఇక్కడ 2022 నుంచి గంజాయి షాపుల్లోనే అమ్ముతున్నారు, వాసనా అలాగే ఉంటుంది. జీవితంలో సిగరెట్ ముట్టని మనిషిని! స్కంక్ అన్నాను. నమ్మినట్టు నవ్వాడు. సాయంత్రానికి అందరికీ మత్తుపదార్థాల పాలసీ గుర్తుచేస్తూ మెయిల్. పేరు లేదు గానీ చూపులన్నీ నా మీదే. అన్నిటికన్నా మండింది ఏంటంటే, లంచ్‌లో గుంటూరు కుర్రాడొకడు దగ్గరికొచ్చి, "అన్నా, ఏ షాపులో తీసుకుంటారు?" అన్నాడు.

టమాటా రసంతో వాసన పోదు, నమ్మకండి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ లీటరుకి కాస్త తక్కువ, పావు కప్పు బేకింగ్ సోడా, చెంచాడు గిన్నెల సబ్బు. అప్పటికప్పుడు కలిపి వాడేయాలి, సీసాలో పోసి మూత పెడితే పేలుతుంది. రంగు బట్టలు వెలిసిపోతాయి. నా కోటు చెత్తలోకే పోయింది.

పెస్ట్ కంట్రోల్ వాడొచ్చి బోను పెడతానని నోటికొచ్చిన రేటు చెప్పాడు. డెక్ కిందికి దూరే కన్నం మూయకుండా ఒకదాన్ని పట్టుకెళితే ఇంకోటి రాదా? పోనీ మనమే పట్టి ఎక్కడో వదిలేద్దామంటే రేబిస్ భయం. కలరా ఉండలు వేయమని ఒకాయన సలహా. అది పిల్లలకీ కుక్కలకీ విషం, స్కంక్‌కి లెక్కే లేదు.

మే, జూన్‌లలో పిల్లలు పెడుతుంది కాబట్టి ఆగస్టు దాకా ఓర్చుకుని, కన్నానికి బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు పెట్టా. అడుగుజాడలు తెలియాలని ఆ తలుపు ముందు బియ్యప్పిండి చల్లా. దానికి ముగ్గొకటి తక్కువైందా అంది అమ్మ. పొద్దున్న చూస్తే ఐదేసి వేళ్లు, ముందు గోళ్ల గీతలు, అన్నీ బయటికి వెళ్లినవే. లోపల అలికిడి లేదని రూఢి చేసుకున్నాకే అరంగుళం కళ్ల జాలీ, అడుగు లోతున పాతి, కింది అంచు బయటికి వంచి బిగించా.

ఇవాళ కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం: జాలీ రంగు నిబంధనలకి విరుద్ధమట. ఫిబ్రవరిలో ఫోన్ చేస్తే ఒక్కడూ ఎత్తలేదు!