ఆసుల జతకు నాలుగు డాలర్లు

శనివారం, అర్ధరాత్రి దాటింది

ఆరున్నర గంటలు పోకర్ టేబుల్ దగ్గర కూర్చుని 84 డాలర్లు పోగొట్టుకుని వచ్చాను. నోటుపుస్తకంలో ముందు ఆ అంకె వేసేశాను. అది వేయకుండా మిగతా కథ మొదలుపెడితే నాకు నేనే అబద్ధాలు చెప్పుకుంటానని పాత పేజీలు చూస్తే తెలుస్తుంది.

పొద్దుటంతా మామూలు శనివారమే. ఇడ్లీ పిండి రుబ్బడం, అమ్మాయిని ఈతకు దింపడం, వారానికి సరిపడా కూరగాయలు తేవడం. మూడు గంటలకు ఇంట్లోంచి బయలుదేరుతుంటే మా ఆయన తలెత్తకుండానే అడిగారు, ‘రెండు వందలేనా?’ అని. ‘రెండు వందలే’ అన్నాను. నెలకు ఒక శనివారం, రెండు వందల డాలర్లు, రాత్రి పదిన్నర వరకు. మా ఇద్దరి మధ్య ఒప్పందం అంతే.

నేను వెళ్లేది కాసినోకు కాదు. కాలిఫోర్నియాలో పేకాట గదులు వేరుగా ఉంటాయి. అక్కడ గది నడిపేవాడు మనతో పందెం కాయకూడదు, మనలో మనం ఆడుకుంటే ఒక్కో ఆటకు ఇంత అని రుసుము తీసుకుంటాడు. ఒకటి, మూడు డాలర్ల బ్లైండ్లతో, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టే పందేలతో ఆడే చిన్న టేబుల్‌లో ఆ రుసుమే పెద్ద దొంగ. నాలుగు డాలర్లకూ ఆరు డాలర్లకూ ఎగబడి గెలిచేవాడి దగ్గర చివరికి మిగిలేది ఏమీ ఉండదు. అందుకే మంచి ముక్కలు వస్తే తప్ప కదలకూడదని నా నియమం. పెద్ద జతలు, ఆసు రాజు, ఆసు రాణి. చిన్న జతలైతే ఫ్లాప్‌ను, అంటే బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే మొదటి మూడు ముక్కలను, చవకగా చూడగలిగినప్పుడు మాత్రమే.

ఈ నియమం కాగితం మీద ఎంత ముచ్చటగా ఉంటుందో కుర్చీలో అంత నరకంగా ఉంటుంది. 52 ముక్కల్లోంచి చేతికొచ్చే రెండు ముక్కలకు 1,326 కలయికలు. అందులో ఆసుల జత ఆరు, అంటే 221 ఆటలకు ఒకటి. మనిషి చేత్తో పంచే టేబుల్‌లో గంటకు పాతిక ముప్పై ఆటలకంటే సాగవు. ఈ లెక్కన ఆసుల జత అనేది ఒక పూర్తి పనిదినానికి ఒక్కసారి పలకరించే చుట్టం. పదుల జత నుంచి పైకి అన్నీ, వాటితో ఆసు రాజు, ఆసు రాణి కలుపుకున్నా ఇరవై ఒక్క ఆటలకు ఒకటి. మిగతా ఇరవై సార్లూ చేయాల్సింది ముక్కల అంచులు ఎత్తి చూడడం, ముందుకు తోసేయడం, ఎదుటివాళ్లను గమనిస్తూ కూర్చోవడం.

ముక్కలు పారేయడం నాకు నేర్పింది మా మేనత్త. తెనాలిలో వేసవి సెలవుల్లో భోజనాలయ్యాక చాప పరిచేవారు. పదమూడు ముక్కల రమ్మీ, లెక్కకు చింతపిక్కలు. అత్తయ్య ముక్కలు విప్పి, వరస పెట్టుకుని, జోకరూ లేక సీక్వెన్సుకు దారీ లేకపోతే నిట్టూర్పు కూడా లేకుండా మూసేసి ఇరవై పిక్కలు నెట్టేసేది. మా నాన్న ఆవిడకు సొంత తమ్ముడే కానీ జన్మలో మొదటి డ్రాప్ చెప్పి ఎరుగడు. ‘ఒక్క ముక్క పడితే చాలక్కా’ అంటూ కూర్చుని, ఎవరో షో చెప్పేసరికి ఫుల్ కౌంట్, ఎనభై. ప్రతి సాయంత్రం అత్తయ్య ముందు పిక్కల గుట్ట, నాన్న ముందు ఖాళీ చాప.

అయితే రమ్మీలో డ్రాప్ అప్పుడప్పుడూ జరిగే ముచ్చట. ఇక్కడ అదే ఉద్యోగం. పైగా బ్లైండ్ కట్టనప్పుడు పారేస్తే పైసా ఖర్చు లేదు. ఉచితంగా చేయగలిగిన పనే ఇంత కష్టంగా ఎందుకు ఉంటుందో అర్థం కాదు.

సాయంత్రం ఆరింటికి ఆఠీను తొమ్మిది, ఆరు పారేశాను. ఫ్లాప్‌లో ఐదు, ఏడు, ఎనిమిది పరిచారు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న కుర్రాడు, నా ఎడమ పక్క వియత్నాం పెద్దావిడ ఒకరి మీద ఒకరు పందెం పెంచుకుంటూ పోయారు. ఆ డబ్బంతా నాది కావలసింది అని లోపల ఎవరో గొణిగారు. తొమ్మిది, ఆరుతో ఫ్లాప్‌లోనే వరస కుదిరేది నూట యాభై సార్లకు ఒకసారి అని నాకు తెలుసు. తెలిసినా కాఫీ చేదుగా అనిపించింది.

ఏడున్నరకు వచ్చాయి ఆసులు. ఇస్పేటు, కళావరు, రెండు నల్లవి. అంచు ఎత్తి చూసి మళ్లీ దించడంలో చేయి వణకకూడదని ఎంత జాగ్రత్తపడ్డానో! పదిహేను డాలర్లకు పెంచాను. ఒక్కొక్కరూ ముక్కలు తోసేశారు. హెడ్‌ఫోన్ల కుర్రాడు, ఏ చెత్తతోనైనా వచ్చేవాడు, వాడు కూడా తోసేశాడు. ఎదురుగా ఉన్న ముసలి ట్రక్కు డ్రైవరు నవ్వి, అమ్మగారు రెండు గంటల తరువాత నిద్రలేచారు, ఇప్పుడెవరు వస్తారు అన్నాడు ఇంగ్లీషులో. నాకు వచ్చింది బ్లైండ్ల నాలుగు డాలర్లు. రోజంతా కాచుకున్న చుట్టం గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయినట్టయింది.

నేను చెడింది అక్కడే. డబ్బు పోయినప్పుడు నా క్రమశిక్షణ జారదు, పోతే ఇంకా బిగుసుకుంటాను. ఏమీ జరగనప్పుడు, నాకు అన్యాయం జరిగిందని అనిపించినప్పుడు జారుతుంది. ఈ పేక నాకు బాకీ ఉంది అనే భావన గంటసేపు నెమ్మదిగా పులిసింది. తొమ్మిదికి కాస్త ముందు రాజు, జాకీ వచ్చాయి, రంగులు వేరు. బ్లైండ్ల తరువాత మొదట మాట్లాడేది నేనే. నా వెనక ఇంకా ఎనిమిది మంది. ఆ స్థానంలో అవి పారేయాల్సిన ముక్కలని నా నోటుపుస్తకం అట్ట లోపల నా చేతిరాతే ఉంది. ‘రెండూ బొమ్మలే కదా’ అనుకుని మూడు డాలర్లు వేశాను.

పెద్దావిడ పదిహేనుకు పెంచింది. ఆవిడ దగ్గర మంచి ముక్కలున్నప్పుడు చిప్స్‌ను నెమ్మదిగా, రెండు వేళ్లతో సర్ది మరీ పెడుతుందని నేను సాయంత్రం నుంచి చూస్తూనే ఉన్నాను. ఇప్పుడూ సర్దింది. చూశాను. అయినా పన్నెండు కలిపాను. ఫ్లాప్‌లో రాజు, ఎనిమిది, నాలుగు. రాజు పడ్డాక ఇంక నన్నెవరు ఆపగలరు? ఇరవై ఇచ్చాను. నాలుగో ముక్కకు నలభై ఐదు ఇచ్చాను. చివరి ముక్కకు ఇద్దరం ఊరుకున్నాం. ఆవిడ తిప్పింది ఆసు, రాజు. ఇద్దరికీ రాజుల జతే, నా జాకీ కంటే ఆవిడ ఆసు పెద్దది. నాకు రాజు పడి ఉండకపోతే పదిహేనుతో పోయేది. రాజు పడినందుకు ఎనభై అయింది. ఎనభై! నాన్న ఫుల్ కౌంట్ అంకె చూసి నాకే నవ్వొచ్చింది.

తరువాత గంటన్నరలో రెండు ఆటలే ఆడాను, చిన్నవి. పదిన్నరకు లేచాను. నూట పదహారు డాలర్లు సంచిలో వేసుకుని, నూట పదహార్లు చదివింపుల లెక్కలా ఉందే అనుకుంటూ కారు దగ్గరకు నడిచాను.

ఇంటికొచ్చేసరికి పదకొండున్నర, తెనాలిలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. అత్తయ్యకు ఫోన్ చేశాను. డెబ్బై తొమ్మిదేళ్లు, చూపు తగ్గింది, పేక తగ్గలేదు. భోజనం అయిందా, పిల్ల ఎలా ఉంది అన్నీ అయ్యాక అడిగింది.

‘ఎన్ని పారేశావే?’

‘దాదాపు అన్నీ అత్తయ్యా. ఒక్కటి పారేయలేదు. ఎనభై పోయింది.’

‘ఏం ముక్కలవి?’

‘రాజు, జాకీ.’

అవతల కాసేపు నిశ్శబ్దం. ఆవిడకు ఈ రెండు ముక్కల ఆట గురించి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

‘మధ్యలో రాణి లేకుండానా?’ అంది, నిజంగా బాధపడుతూ. ఆ వెంటనే, చాప పరిచారు, వాళ్లు పిలుస్తున్నారు ఉంటానే అని పెట్టేసింది.