రాహుకాలం, ఓ గ్లాసు మంచినీళ్ళు

మొన్న గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి మా అమ్మ నా స్కూటర్ వెనక ఎక్కింది. ఇందులో ఏముంది అంటారేమో. గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. సోమవారం ఏడున్నర, శనివారం తొమ్మిది, శుక్రవారం పదిన్నర, ఇలా ఏ రోజుది ఆ రోజు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఎక్కాల కంటే ముందు నేర్పింది ఇదే. పరీక్షకి గంట ముందు బయల్దేరి రాహుకాలం దాటేదాకా సందు చివర కిళ్ళీకొట్టు దగ్గర నిలబడిన పిల్లని నేను. అలాంటి అమ్మ మొన్న గోడ గడియారం వైపు చూసింది, నోరు తెరిచింది, నేను చెప్పులు వేసుకుంటూ 'ఇదిగో మొదలు' అనుకున్నాను. "హెల్మెట్ ఇటియ్యి" అంది. అంతే.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఎప్పుడు పోయిందో తేదీ చెప్పలేను, పెద్ద కథేమీ లేదు, డిగ్రీ అయ్యేసరికి లేదు. మా ఆయన గుడికి వెళ్తాడు, నన్ను రమ్మనడు. మా అమ్మ మాత్రం గుడీ, ఉపవాసం, మార్గశిర లక్ష్మివారాలూ అన్నీ. మొన్న మేం బయల్దేరింది కూడా బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికే. తీసుకెళ్ళేది నేనే, ప్రతి ఏడాదీ నేనే. ఇందులో విరుద్ధం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఆమెకి అక్కడికి వెళ్ళాలని ఉంది, నా దగ్గర బండి ఉంది.

మొదట్లో నేనిలా లేను. చుట్టాల వాట్సాప్ గ్రూపులో రాజ్యాంగం 51ఎ(హెచ్) పెట్టేదాన్ని, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణతో చేర్చారు తెలుసా అని. దానికి మా బాబాయి ఒక వెంకటేశ్వరస్వామి బొమ్మ మీద శుభోదయం అని రాసి పెట్టేవాడు. నేను ఇంకో పేరా. ఆయన ఇంకో బొమ్మ. నాలుగేళ్ళు నడిచింది ఈ యుద్ధం, ఒక్క మనిషి మారలేదు, పైగా మా పిన్ని కూతురు పెళ్ళికి నన్ను పిలవడం మర్చిపోయారు. మర్చిపోయారనే అనుకుంటున్నాను.

స్కూటర్ సంగతీ చెప్పాలి. 2018లో కొన్నాను. షోరూంలో కుర్రాడు టైర్ల కింద నిమ్మకాయలు సర్దుతూ "మేడమ్, ఇటు నుంచి ఇటు సంపత్ వినాయకుడి దగ్గరికే కదా" అన్నాడు. వైజాగ్‌లో అది ప్రశ్న కాదు, ఆసీలుమెట్టలో ఆ గుడి ముందు కొత్త బండ్ల వరస చూసినవాళ్ళకి తెలుస్తుంది, మా ఊళ్ళో బండి రిజిస్ట్రేషన్ అక్కడ మొదలై ఆర్టీవో దగ్గర పూర్తవుతుంది. "కాదు బాబూ, పెట్రోలు బంకుకి" అన్నాను. షోరూం వాళ్ళు పోసే ఆ కాస్త పెట్రోలుతో గుడికి వెళ్తే మళ్ళీ బంకు దాకా నెట్టుకుంటూ పోవాలి కదా. నిమ్మకాయలు మాత్రం తీసి సంచిలో వేసుకున్నాను, ఇంటికెళ్ళి పులిహోర కలిపాను. ఇదంతా గెలుపుల ఖాతాలో రాసుకున్నాక సరిగ్గా మూడు వారాలకి హనుమంతవాక దగ్గర వానలో జారి పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. అమ్మ పసుపు రాసింది, ఒక్క మాట అనలేదు. రెండ్రోజులు అనలేదు. మూడో రోజు అన్నం పెడుతూ "నేనేమీ అనలేదు చూశావా" అంది. దీన్ని డ్రా కింద వదిలేశాను.

ఇంకో రెండు చిన్నవి, గబగబా చెప్పేస్తాను. మా పాప స్కూలు అడ్మిషన్ ఫారంలో మతం అన్నచోట గీత గీసిచ్చాను, క్లర్కు గారు కంప్యూటరు ఖాళీ ఒప్పుకోదమ్మా అన్నారు. మరి ఏముంటే అది పెట్టండి అన్నాను. 'ఇతరులు' అని నొక్కి, కాస్త వంగి, చుట్టూ చూసి, "ఇతరులంటే ఏ దేవుడండీ?" అని మెల్లిగా అడిగారు, పాపం నిజంగా తెలుసుకోవాలనే. రెండోది, మా బ్యాంకు తరఫున ఒక చెక్కు బౌన్సు కేసులో సాక్ష్యం చెప్పాల్సొచ్చింది. బోనెక్కగానే దేవుడి ఎదుట ప్రమాణం చేసి అని అందించారు. గొంతు ఆరిపోయింది, చెప్పొద్దూ, రాత్రంతా రిహార్సల్ వేసుకుని కూడా. "మనస్సాక్షిగా చెప్తానండీ" అన్నాను. 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఆ వీలుందని ఎవరైనా అడిగితే చెబుదామని సెక్షన్లతో సహా బట్టీపట్టి వెళ్ళాను. జడ్జి గారు కాగితంలోంచి తల కూడా ఎత్తకుండా "సరే, అలాగే అనండి" అన్నారు. నేను చదువుకున్నదంతా వృథా.

అసలు చెప్పాలనుకున్నది గ్రహణం సంగతి.

2019 డిసెంబర్ 26, గురువారమే అది కూడా. పొద్దున్న ఎనిమిది దాటాక పట్టి పదకొండు దాటేదాకా సూర్యగ్రహణం. మా మరదలికి ఏడో నెల. మర్రిపాలెంలో తమ్ముడి ఇంటికి నేను ముందు రోజు రాత్రే వెళ్ళాను, ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి. తెల్లారకుండానే ఆ అమ్మాయికి స్నానం చేయించి, కాస్త ఏదో తినిపించి, వెనక గదిలో పడుకోబెట్టారు. కిటికీలు మూసి దుప్పటి కట్టారు. కదలకూడదు, గోక్కోకూడదు, చాకు ముట్టుకోకూడదు, నీళ్ళు తాగకూడదు. లేకపోతే బిడ్డకి గ్రహణం మొర్రి. మన భాషలో ఆ జబ్బు పేరులోనే భయం కూర్చుంది చూడండి, డాక్టరు కూడా అదే మాట వాడాల్సిందే.

నేను అమ్మతో వాదించలేదు ఆ రోజు. వాట్సాప్ బాబాయి దగ్గర నేర్చుకున్న బుద్ధి. ఆ గదిలోకి వెళ్ళి మంచం పక్కన కింద కూర్చున్నాను, తోడుగా. చీకట్లో ఆ అమ్మాయి ఓ చెయ్యి పొట్ట మీద, ఓ చెయ్యి పక్కకి కర్రలా పెట్టి, ఊపిరి కూడా లెక్కగా పీలుస్తోంది. తొమ్మిదిన్నర ప్రాంతంలో గుసగుసగా "వదినా, దాహంగా ఉంది" అంది. ఆ తర్వాత, "నిజంగా ఏమన్నా అవుతుందా?"

పై పెదవి అతుక్కునేది గర్భం నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య, అంగిలి ఆ తర్వాత ఒకట్రెండు వారాలకి, ఆ అతుకు సరిగ్గా పడకపోతే వచ్చేదే మొర్రి అని నాకు తెలిసినంత చెప్పాను. నీకు ఏడో నెల, మీ పిల్లదానికి పెదవి వచ్చి నెలలైంది, ఇప్పుడు నువ్వు నీళ్ళు తాగితే అది తిరిగి ఎలా చీలుతుంది అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. మౌనంగా వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది, వారాలు అనుకుంటాను.

అప్పుడు చూశాను గోడ మీద. ఆ గదిది పాత చెక్క కిటికీ, రెక్కలో ఎక్కడో మేకు ఊడిపోయి చిన్న కన్నం ఉంది, దుప్పటి కాస్త పక్కకి జారి ఆ కన్నం బయటపడింది. దాంట్లోంచి వచ్చిన ఎండ ఎదురు గోడ మీద రూపాయి బిళ్ళంత మచ్చగా పడింది. కానీ గుండ్రంగా లేదు. ఓ పక్క ఎవరో కొరికిన బిస్కట్టులా ఉంది. గ్రహణం లోపలికి రాకూడదని గదంతా మూస్తే ఆ చీకటి గదే కెమెరా అయిపోయి సూర్యుడి బొమ్మని గోడ మీద వేసింది. "అదేంటి వదినా" అని ఆ అమ్మాయి మోచేతి మీద లేచింది. మేం ఇద్దరం ఆ మచ్చ మెల్లగా పక్కకి జరగడం చూస్తూ కూర్చున్నాం, మధ్యలో నేను వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చాను. గటగటా తాగింది. ఆ తర్వాత, "బాత్రూంకి కూడా వెళ్ళాలి" అని నవ్వింది. ఎప్పటి నుంచి ఆపుకుందో.

హాల్లో అమ్మ చూసింది, ఖాళీ గ్లాసూ చూసింది, బాత్రూం తలుపూ చూసింది. ముఖం తిప్పేసుకుని విష్ణు సహస్రనామం సౌండ్ పెంచింది.

గోరా గారి భార్య సరస్వతి గోరా గర్భవతిగా ఉండగానే జనం మధ్య నిలబడి గ్రహణం చూశారు. ఆయన 1940లో ముదునూరులో పెట్టి, 1947లో విజయవాడకి మార్చిన నాస్తిక కేంద్రం గురించి చదివినప్పుడల్లా ఆవిడ ధైర్యం ముందు నాది ఏపాటిది అనిపించేది. పిల్లలకి లవణం, సమరం అని పేర్లు పెట్టుకున్న ఇల్లు అది, మాది చాకు దాచిపెట్టే ఇల్లు. మాకు ఒక గ్లాసు మంచినీళ్ళు చాలు.

మా మరదలికి పాప మార్చి మొదటి వారంలో పుట్టింది, అన్నీ చక్కగా. ఇరవై ఒకటో రోజు వచ్చేసరికి లాక్‌డౌన్. మా బ్యాంకు వాళ్ళకి రోడ్డు మీద తిరగనిచ్చేవారు కాబట్టి డ్యూటీ దిగి, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని, మాస్కుతో బారసాలకి వెళ్ళాను. మేనత్తని కదా. పంతులు గారు వీడియో కాల్‌లో ఉన్నారు, సగం మంత్రం వినిపించి సగం బొంగురు పోతోంది. మరదలి వాళ్ళ అమ్మగారు టెక్కలి నుంచి పురుడు చూడ్డానికొచ్చి ఇక్కడే ఇరుక్కుపోయారు. మా అమ్మ ఎప్పట్లాగే వంటింటి గుమ్మం దగ్గర. నాన్న పోయిన దగ్గర్నుంచి ఏ శుభకార్యమైనా ఆమె చోటు అదే, ద్వారబంధానికి భుజం ఆనించి. అక్కడ సున్నం మీద ఆమె భుజం ఎత్తున ఓ జిడ్డు మరక కూడా ఉంటుంది. దీని మీద నేను చెయ్యని గొడవ లేదు. నేను గట్టిగా అన్న ప్రతిసారీ ఆమె ఇంకో అడుగు లోపలికి జరిగేది.

పాపని ఉయ్యాల్లో వేయాలి. పెద్ద ముత్తైదువ ఎవరో కానియ్యండి అన్నారు ఫోన్లో పంతులు గారు. మా తమ్ముడి అత్తగారు పాపని ఎత్తుకుని లేచారు, రెండడుగులు వేశారు, తిన్నగా ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళారు. "వదినగారూ, నాకు పరమాన్నం అడుగంటిపోతోంది, కాస్త మీరే వేసెయ్యండి" అని పిల్లని అమ్మ చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

స్టవ్ ఆపేసి అరగంటైంది. నేనే ఆపాను.

అమ్మ పాపని పట్టుకుని నా వైపు చూసింది. ఏదో ఒకటి అంటానని భయం అనుకుంటాను, ఉపన్యాసం ఇస్తానని. నేను గబుక్కున ఫోన్ చూసుకున్నాను. తెర మీద ఏముందో గుర్తు లేదు, బహుశా ఏమీ లేదు. తల ఎత్తేసరికి ఉయ్యాల ఊగుతోంది. ఇది నా గెలుపని ఎలా రాసుకుంటాను చెప్పండి, నేను ఏళ్ళ తరబడి అరిచి సాధించలేనిది శివరాత్రి జాగారాలు చేసే ఒక టెక్కలి ఆవిడ ఒక్క అబద్ధంతో చేసేసింది. కానీ నోరు మూసుకున్నాను కదా, ఆ వాటా నాదే.

సరే, మొన్నటి గురువారం. బురుజుపేట సందులో బండి పెట్టే చోటు లేదు, ఎక్కడో దూరంగా పెట్టి అమ్మని క్యూ దాకా నడిపించి వచ్చాను. ఆ గుడిలో నాకు నచ్చే విషయం ఒకటుంది, నాస్తికురాలినైనా చెప్తాను, అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎండా వానా నెత్తిమీదే, మామూలు రోజుల్లో ఎవరైనా వెళ్ళి తమ చేత్తో తామే పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకోవచ్చు. అమ్మకి అక్కడ గుమ్మం పక్కన నిలబడాల్సిన పని లేదు.

గంటన్నర పట్టింది. నేను చెప్పుల స్టాండు అరుగు మీద కూర్చుని ఆఫీసు మెయిల్స్ చూసుకుంటున్నాను. పూర్వం ఇలాంటప్పుడు అమ్మ వెనక నుంచి వచ్చి చటుక్కున నా నుదుటికి కుంకుమ రాసేది, నేను తుడుచుకునేదాన్ని, ఇంటిదాకా మాటల్లేవు. మొన్న ముందు నుంచే వచ్చింది. చెమటలు కారుతున్నాయి, పసుపు ముక్కు దాకా ఉంది, మొహం వెలిగిపోతోంది. పక్కన కూర్చుని పొట్లం విప్పి, కొబ్బరి చిప్పని అరుగు అంచుకేసి కొట్టి ఓ ముక్క ఊడదీసింది. చీర చెంగుతో అంటుకున్న కుంకుమ తుడిచింది, శుభ్రంగా, రెండువైపులా.

"ప్రసాదం కాదులే. కొబ్బరే. తిను."

లేత కాయ, తియ్యగా ఉంది. ఇంకో ముక్క అడిగాను.