సర్వర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో, సపోర్ట్ హైదరాబాద్‌లో: జర్మన్ క్లయింటుతో డేటా ఒప్పందం, నా అనుభవం

మాది పేరోల్ సాఫ్ట్‌వేర్‌కు సపోర్ట్ ఇచ్చే చిన్న కంపెనీ. మ్యూనిక్ క్లయింటు ఉద్యోగుల డేటా అంతా ఫ్రాంక్‌ఫర్ట్ సర్వర్‌లోనే ఉంటుంది. డేటా యూరప్ దాటనప్పుడు మనకెందుకీ గొడవ అని మా ఆఫీసులోనూ అన్నారు. కానీ దాటుతుంది. మాదాపూర్‌లో కూర్చుని టికెట్ కోసం ఆ స్క్రీన్ తెరిస్తే చాలు, యూరప్ డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ లెక్కలో డేటా విదేశానికి వెళ్లినట్టే. జపాన్‌కు ఉన్నట్టు భారత్‌కు ‘రక్షణ సరిపోతుంది’ అన్న యూరోపియన్ కమిషన్ నిర్ణయం లేదు. అందుకని 2021 జూన్ 4న కమిషన్ ఆమోదించిన స్టాండర్డ్ కాంట్రాక్చువల్ క్లాజులు (డేటా బయటి దేశానికి పంపేందుకు ముందే రాసిపెట్టిన ఒప్పంద షరతులు), అంటే ఎస్‌సీసీల మీద సంతకం పెట్టాం.

డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే క్లయింటు కంట్రోలర్, వాళ్ల తరఫున దాన్ని వాడే మేం ప్రాసెసర్ కాబట్టి ఎస్‌సీసీల్లో మాకు వర్తించే భాగం మాడ్యూల్ 2. క్లయింటే ఇంకొకరికి ప్రాసెసర్ అయితే మాడ్యూల్ 3 తీసుకోవాలి. క్లాజుల మాటలు మార్చడానికి వీల్లేదు, మన వంతు ఖాళీలు నింపడమే. 9వ క్లాజులో సబ్-ప్రాసెసర్ల (మా పని కోసం ఆ డేటాను తాకే ఇతర కంపెనీల) కోసం రెండో ఆప్షన్ అడిగాం: జాబితాకు ముందే ఒప్పుకుంటారు, కొత్తవాళ్లను చేర్చేముందు 30 రోజుల నోటీసు ఇస్తాం. మొదటి ఆప్షన్‌లో ప్రతి చిన్న టూల్‌కూ విడిగా అనుమతి కావాలి. 17వ క్లాజులో భారత చట్టం రాస్తామంటే కుదరదు, యూరోపియన్ యూనియన్ సభ్యదేశపు చట్టమే ఉండాలి. మేం జర్మన్ చట్టం రాశాం.

అసలు శ్రమంతా అనుబంధాల్లో. మొదటి అనుబంధంలో డేటా రకాలు రాయమంటే ‘పేరు, జీతం, బ్యాంక్ ఖాతా’ అని ఆపేస్తారు చాలామంది. జర్మనీ జీతంలో చర్చి పన్ను కోత ఉంటుంది. ఆ కాలమ్ చూస్తే ఉద్యోగి మతం తెలిసిపోతుంది. జీడీపీఆర్ 9వ అధికరణం కింద అది ప్రత్యేక వర్గం డేటా, అంటే ఎక్కువ రక్షణ కావాల్సినది; అనారోగ్య సెలవుల వివరాలూ అంతే. ఇవి ఉన్నాయని రాయాలి, వాటికి అదనంగా ఏం రక్షణ ఇస్తున్నామో కూడా చెప్పాలి. మేం సపోర్ట్ స్క్రీన్‌లో ఆ కాలమ్‌లను మాస్క్ చేయించాం. డేటా రక్షణ పర్యవేక్షణ సంస్థ పేరు దగ్గర ‘జర్మనీ’ అంటే చాలదు. అక్కడ రాష్ట్రానికొకటి ఉంటుంది, మ్యూనిక్ ఉన్న బవేరియాలో ప్రైవేటు కంపెనీలను చూసేది ఆన్స్‌బాఖ్‌లోని కార్యాలయం.

రెండో అనుబంధం భద్రతా చర్యలది. ‘తగిన చర్యలు తీసుకుంటాం’ అన్న వాక్యం ఎక్కడుంటే అక్కడ తిప్పి పంపుతారు, నిర్దిష్టంగా రాయమని ఫారంలోనే ఉంది. వీపీఎన్, రెండంచెల లాగిన్, ఎవరికి ఏ యాక్సెస్, లాగ్ ఎన్నాళ్లు ఉంచుతాం, బ్యాకప్ ఎప్పుడు చెరిపేస్తాం అని వరసగా రాయాలి. సబ్-ప్రాసెసర్ల జాబితాలో క్లౌడ్ కంపెనీ అందరికీ గుర్తుంటుంది, ఎర్రర్ లాగింగ్ సర్వీసు, టికెట్ టూల్ మాత్రం జారిపోతాయి. క్రాష్ రిపోర్టులో జీతం అంకె ఉందంటే ఆ సర్వీసూ సబ్-ప్రాసెసరే.

విదేశాలకు డేటా పంపడంపై 2020 జూలైలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఇచ్చిన ష్రెమ్స్-2 తీర్పు తర్వాత ఇంకో పత్రం తోడైంది. 14వ క్లాజు ప్రకారం మన దేశ ప్రభుత్వం ఆ డేటాను ఏ చట్టం కింద అడగగలదో అంచనా వేసి రాసిపెట్టుకోవాలి. ఐటీ చట్టంలోని 69వ సెక్షన్, దాని 2009 నియమాలు, 2023 డేటా రక్షణ చట్టంలో ప్రభుత్వానికున్న మినహాయింపులు తప్పక రావాలి. ‘ఏ ప్రమాదమూ లేదు’ అని రాస్తే ఎవరూ నమ్మరు. చట్టం ఉందని ఒప్పుకుని, మనలాంటి కంపెనీకి అలాంటి ఆదేశం వచ్చే అవకాశమెంతో, వస్తే ఏం చేస్తామో రాయడమే నయం.

డేటా లీకైనప్పుడు అందరూ చెప్పే 72 గంటలు కంట్రోలర్‌కు ఉన్న గడువు. ప్రాసెసర్ మాత్రం ‘అనవసర జాప్యం లేకుండా’ క్లయింటుకు చెప్పాలి. మా క్లయింటు దాన్ని 24 గంటలుగా రాయించుకున్నాడు. అందులో శని, ఆదివారాలూ లెక్కే కాబట్టి, వారాంతంలో ఫోన్ ఎత్తే మనిషి ఎవరో తేలాకే ఆ అంకెకు ఒప్పుకున్నాం.

క్లయింటుకు లండన్‌లోనూ ఉద్యోగులున్నారు. వాళ్ల డేటాకు ఎస్‌సీసీ ఒక్కటే చాలదు, 2022 మార్చి 21 నుంచి అమల్లో ఉన్న బ్రిటన్ అడెండమ్‌ను (అదనపు పత్రాన్ని) దానికి జతచేసి సంతకాలు తీసుకోవాలి.