ఇరవై ఏడు కిలోల బంగారం

మా చిన్నదాని నిలువెత్తు బంగారం, అంటే దాని బరువుకు సరితూగే బెల్లం, మేడారంలో సమ్మక్క తల్లి గద్దెకు చేరింది. 2022 వానాకాలంలో మా అత్తమ్మ మొక్కిన మొక్కు, సమ్మక్క, సారలమ్మ ఇద్దరూ గద్దెల మీద ఉన్న శుక్రవారం నాడు, మొన్న 2026 జనవరి 30న తీరింది. చెప్పులకు అంటిన మేడారం దుమ్ము ఇంకా దులపలేదు. పిక్కల నొప్పి తగ్గకముందే రాద్దామని కూర్చున్నాను. ఆలస్యమైతే జనాన్ని తిట్టుకున్న సంగతి మరిచిపోయి అంతా భక్తిగానే రాస్తానేమోనని భయం.

మొక్కిన నాటికి దాని బరువు 16 కిలోలు. ఐదేళ్ళ పిల్ల. విడవని జ్వరం, కాళ్ళ నొప్పులు. మా దగ్గరలోని ఒక ఆసుపత్రిలో టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కించారు, ఎదిగే పిల్లలకు కాళ్ళ నొప్పులు మామూలే అన్నారు. తొడల మీద ఎర్రటి చుక్కలు తేలాక ఇంకో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, కూర్చోమని కూడా అనకుండా, ఈ రాత్రికే హైదరాబాద్ బయలుదేరమన్నాడు. కాజీపేటలో రైలెక్కాం. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఎముక మూలుగ తీసి పరీక్షించి రక్త క్యాన్సర్ అని తేల్చారు. పిల్లలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదేనని, మందులు పూర్తిగా వాడితే చాలామందికి నయమవుతుందని, రెండున్నరేళ్ళ దాకా పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. మధ్యలో మానేసి ఇంటికి తీసుకుపోవద్దని మరీ మరీ చెప్పింది. నా చెవికి మొదటి మాట తప్ప ఏదీ ఎక్కలేదు. ఆ రాత్రి ఫోనులో విషయం చెబితే అత్తమ్మ ఏడవలేదు. "దాని ఎత్తు బంగారం ఇస్తానని అమ్మకు మొక్కాను" అని ఫోను పెట్టేసింది.

ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ముందు ఎత్తు, బరువు చూసేవారు. ఆ రెండింటితో ఒంటి విస్తీర్ణం లెక్కగట్టి, దాని ప్రకారం మందు ఇస్తారు. వాళ్ళ నాన్న ఒక నోటుబుక్కు పెట్టి ఆ అంకెలు రాసేవారు. అత్తమ్మ ఫోనులో ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడిగేది కాదు, తెల్లకణాలు అడిగేది కాదు. "ఎన్ని కిలోలుంది?" అంతే. స్టెరాయిడ్ మాత్రలు నడిచిన రోజుల్లో చిన్నది తెల్లవారుజామున లేచి పప్పన్నం కావాలని, మిర్చిబజ్జీ కావాలని ఏడ్చి వార్డంతా లేపేది. బుగ్గలు ఉబ్బి, పొట్ట ముందుకొచ్చి 19 కిలోలు తూగింది. అత్తమ్మ సంబరపడింది. అది మందు వల్ల వచ్చిన ఒళ్ళని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ తరువాతి మందులకు నోరంతా పుండ్లు పడి గుక్కెడు నీళ్ళు మింగలేకపోయింది. 14 కిలోల 200 గ్రాములు. ఆ అంకె రాసినప్పుడు పెన్ను ఎంత ఒత్తారో, వెనక కాగితం మీద కూడా గుర్తు పడింది.

వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది. కూలి పోయిన రోజులకు, రైలు చార్జీలకు, రాత్రిళ్ళు కొన్న బ్రెడ్డుకు ఏ కార్డూ లేదు. ఇక చుట్టాలు. ఇది అంటుకుంటుందా అని అడిగినవాళ్ళను క్షమించాను, తెలియక అడిగారు. "ఆడపిల్ల, రేపు పెళ్ళి చేయాలి, బయట చెప్పకండి" అన్నవాళ్ళ మీద మాత్రం ఇప్పటికీ కోపమే. రేపటికి అది ఉంటుందో లేదో తెలియని రోజు వాళ్ళు పెళ్ళి దాకా వెళ్ళారు.

రెండేళ్ళకోసారి జరిగే మేడారం జాతర 2024 ఫిబ్రవరిలో వచ్చేనాటికి మేము రోజూ రాత్రి మాత్ర వేసే దశలో ఉన్నాం. ఒక రోజు సగం, ఒక రోజు మొత్తం, డాక్టరు రాసిన పట్టీ చూసుకుని వేయాలి. జనంలోకి తీసుకెళ్ళవద్దన్నారు. జ్వరం వస్తే ఎంత రాత్రయినా ఆసుపత్రికే రమ్మన్నారు. అత్తమ్మ ఒక్కతే వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, బంగారం ఇవ్వకుండానే వచ్చింది. "పిల్లను తూచకుండా ఎలా ఇస్తాను? అప్పు అలాగే ఉంచుకోమని అమ్మకు చెప్పి వచ్చాను. పిల్ల పెరిగేకొద్దీ అప్పు పెరుగుతుంది, పెరగనీ" అంది. కిందటేడు మందులు ఆపారు. ఈసారి జాతరకు వెళ్ళవచ్చా అని భయపడుతూ అడిగితే, మాస్కు పెట్టి తీసుకెళ్ళమని డాక్టరమ్మ నవ్వింది.

హన్మకొండలో బెల్లం కొంటే దుకాణంలో ఆధార్ నకలు, ఫోను నంబరు అడిగారు. గుడుంబా బట్టీలకు పోకుండా ఈ కట్టడి. అమ్మవారి మొక్కుకు కూడా కాగితాలా అని అత్తమ్మ విసుక్కుంది. చిన్నది ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి, కాంటా ఎక్కి, చేతులు దగ్గరికి పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఆసుపత్రి అలవాటు. 27 కిలోలు. దుకాణం అతను దిమ్మలు తీసి పెడుతుంటే మా పెద్దవాడు వచ్చి, చెల్లి దిగిన కాంటా ఎక్కాడు.

"నీకూ మొక్కుందా బాబూ?" అని అడిగాడు అతను.

"లేదు. ఊరికే చూడండి."

38 కిలోలు. వాళ్ళ నాన్నా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వాడిని నానమ్మ దగ్గర వదిలి రైలెక్కాం. ఇప్పుడు ఏడో తరగతి. చెల్లి బరువు గ్రాములతో సహా నోటుబుక్కులో ఉంది, వాడిది ఏ పేజీలోనూ లేదు. అత్తమ్మ అక్కడికక్కడే దుకాణం గడప మీద చేతులెత్తి, 2028 జాతరకు వీడి ఎత్తు బంగారం అని మొక్కేసింది. "అప్పటికి యాభై దాటుతాను నానమ్మా, మోయగలవా?" అన్నాడు వాడు. ముఖం వెలిగిపోయింది. అప్పు చేసింది ఆమె, తీర్చాల్సింది మేము. అయినా ఎవరమూ వద్దనలేదు.

బస్సులో మా ఆడవాళ్ళకు టికెట్ లేదు, సీటూ లేదు. ములుగు దాటకముందే గట్టమ్మ తల్లికి దండం పెట్టుకుని కదిలితే, పస్రా దగ్గర బండ్లు నిలిచిపోయాయి. ఎంతసేపో చెప్పలేను. జంపన్న వాగులో మోకాటి లోతు నీళ్ళు, వాటి నిండా సబ్బు నురగ, షాంపూ కవర్లు. సమ్మక్క కొడుకు జంపన్న ప్రాణం వదిలిన వాగులో పాన్‌మసాలా పొట్లాలు వేయడానికి చేతులెలా వస్తాయో. ఇన్నేళ్ళూ కాచిన నీళ్ళు తప్ప తాగించని చేత్తో ఆ నీళ్ళే చిన్నదాని తల మీద చల్లాను, నోట్లోకి పోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి. తలనీలాల దగ్గర అది మొండికేసింది: "నా జుట్టు ఇవ్వను. ఇప్పుడే వచ్చింది." నేను అత్తమ్మ వైపు చూశాను. "దాని వెంట్రుకలు అమ్మ ముందే తీసుకుందిలే" అని ఆమె కొడుకును ముందుకు తోసింది. మా ఆయన గుండుతో వచ్చేసరికి చిన్నది ఆ తల నిమిరి, తనకు అప్పుడు ఇంతకన్నా నున్నగా ఉండేదని చెప్పింది.

గద్దెల వరుసలోకి వెళ్ళాక భక్తి పోయి భయం మొదలైంది. వెనక నుంచి తోపుడు, పక్కల నుంచి మోచేతులు. దగ్గరికి వెళ్ళే ఓపిక లేనివాళ్ళు దూరం నుంచే బెల్లం, కొబ్బరికాయలు విసురుతున్నారు. కాపలావాళ్ళు తలకు హెల్మెట్లు పెట్టుకున్నారు, మరి మాకు? వేరే దారిలో పాసులున్నవాళ్ళు ఇస్త్రీ నలగకుండా వెళ్ళి వస్తున్నారు. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు ఆగకుండా చదువుతున్నారు. బంగారం తండ్రి నెత్తి మీద సగం, పెద్దవాడి వీపు సంచిలో సగం. చిన్నది నా నడుము పట్టుకుని "అమ్మా, ఊపిరి ఆడట్లేదు" అంది. మాస్కు తీయనా వద్దా తెలియలేదు. వెనక్కి తిరగడానికీ దారి లేదు.

మా పక్కన ఒంటి మీదికి అమ్మవారు వచ్చే శివసత్తి ఒకామె ఉంది. ముఖమంతా పసుపు, విరబోసిన జుట్టు, చేతిలో వేపమండలు. అప్పటిదాకా అందరిలాగే చెమట తుడుచుకుంటూ నిలబడింది. "పిల్లకు ముఖానికి ఆ గుడ్డ ఎందుకు బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. ఎక్కువ చెప్పలేదు, రక్తం జబ్బు, తగ్గింది, మొక్కు తీర్చాలి, అంతే. ఆమె చిన్నదాని చెయ్యి పట్టుకుంది. మరుక్షణం "అమ్మా సమ్మక్కా!" అని ఒక కేక పెట్టింది చూడండి, నా గుండె ఆగింది. ఒళ్ళు ఊగిపోతోంది, వేపమండలు గాలిలో లేస్తున్నాయి. ముందున్న జనం చేతులు జోడించి ఇటొకరు అటొకరు జరిగారు. ఆ సందులో ఆమె, ఆమె వెనక చిన్నది, దాని వెనక మేము.

అలా సమ్మక్క గద్దె ముందు పడ్డాం. విగ్రహం లేని తల్లి కదా. పసుపు, కుంకుమ, చీరలు, గుట్టగా పోసిన బెల్లం మధ్య వెదురు కనిపించింది. చూసింది రెప్పపాటే. ఏమేమి కోరుకోవాలని అనుకుని వెళ్ళానో ఒక్కటీ గుర్తు రాలేదు. "తల్లీ, తెచ్చాం" అన్నాను. చిన్నది తన చేతిలోని దిమ్మను విసరలేదు, కాపలా అబ్బాయి చేతికిచ్చి "అమ్మ దగ్గర పెట్టు అన్నా" అంది. అతను వంగి పెట్టాడు. అప్పటికే నన్ను ఎవరో పక్కకు నెట్టారు. సారలమ్మ గద్దె దగ్గర మాత్రం కాస్త నిలబడనిచ్చారు.

బయటికి వచ్చాక శివసత్తి చెట్టు కింద కూర్చుని జుట్టు ముడి వేసుకుంటోంది. మా నీళ్ళ సీసా అడిగి సగం తాగింది. ఆమెకు నిజంగా పూనకం వచ్చిందో, పిల్ల కోసం తెచ్చుకుందో నాకు తెలియదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు. అత్తమ్మ కాళ్ళకు దండం పెట్టబోతే, "నాకు కాదు, ఒక బెల్లం ముక్క పెట్టు" అంది.

ఈ వారం రక్తపరీక్షకు ఎంఎన్‌జేకు వెళ్ళాం. కౌంట్లు బాగున్నాయి. మిగిలిన బంగారం పొట్లాలు కట్టి వార్డుకు తీసుకెళ్తే సిస్టరమ్మ గుమ్మంలోనే ఆపింది. కౌంట్లు పడిపోయిన పిల్లలకు బయటి తిండి పెట్టకూడదు, పెద్దవాళ్ళకు ఇవ్వండి అంది. వరండాలో కూర్చున్న తల్లిదండ్రులకు పంచాను. మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, కొడుకుకు మొన్ననే వైద్యం మొదలైందట, ముక్కను కళ్ళకద్దుకుని కొంగున కట్టుకుంది. తానూ మొక్కుతానంది. ఏ బరువు లెక్క, మొక్కిన రోజుదా, తీర్చే రోజుదా అని అడిగింది. తీర్చే రోజుదే అన్నాను. వాళ్ళ వైపు నుంచి మేడారానికి బస్సు ఎక్కడ ఎక్కాలో ఆమెకు తెలియదట. హన్మకొండకు వచ్చి ఫోను చేయమని నంబరు రాసిచ్చాను.