అమాంగ్ అస్‌లో మూడు రకాల ఆట: పది వారాల నోట్‌బుక్

నోట్‌బుక్ మొదటి పేజీలో ఒకటే మాట రాసుకున్నాను: "ఎలక్ట్రికల్‌లోకి ఒక్కదాన్నే వెళ్లకూడదు." అమాంగ్ అస్ ఆన్‌లైన్‌లో గుంపుగా ఆడే ఆట: క్రూమేట్లు చిన్నచిన్న పనులు (టాస్కులు) చేస్తుంటారు, వాళ్లలో దాగిన ఇంపోస్టర్ ఒక్కొక్కరినీ చంపుతుంటాడు, శవం దొరికితే మీటింగ్ పెట్టి అనుమానం ఉన్నవాడిని ఓటుతో బయటకి తోసేస్తారు. ఎలక్ట్రికల్ అందులో ఒక గది. ఆట మొదలుపెట్టిన రోజు మూడుసార్లూ నేను చచ్చిపోయింది ఆ గదిలోనే. స్కెల్డ్ అనే అంతరిక్ష నౌక మ్యాప్‌లో ఆ గదికి తలుపు ఒక్కటే, లోపల మాత్రం ఒక వెంట్ (ఇంపోస్టర్ దూరి వేరే గదికి పోగలిగే గాలి గొట్టం) ఉంది. అందులో దిగితే మెడ్‌బేలోనో సెక్యూరిటీలోనో తేలొచ్చు. చంపినవాడు అలా మెడ్‌బేకి చేరిపోతే, శవం దొరికేసరికి "నేను మెడ్‌బేలో ఉన్నాను" అని వాడు చెప్పేది సగం నిజమే అవుతుంది. పైగా ఇంపోస్టర్ లైట్లు ఆర్పేస్తే వాటిని సరిచేసే ప్యానెల్ కూడా ఆ గదిలోనే ఉంది. అంటే మన చూపు తగ్గిపోయినప్పుడే మనం అక్కడికి వెళ్లాలి. ఈ కారణం అర్థం కావడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ప్రతి శనివారం రాత్రి చుట్టాలూ స్నేహితులూ కలిపి ఎనిమిది మందిమి వాయిస్ కాల్‌లో కూర్చుని ఆడుతున్నాం. ప్రతి ఆట అయ్యాక నాలుగు సంగతులు రాస్తాను: ఇంపోస్టర్ ఎవరు, మొదటి శవం ఎక్కడ దొరికింది, మీటింగ్‌లో ఎవరు ఏం చెప్పారు, ఓట్లు ఎటు పడ్డాయి. క్లాసిక్, రోల్స్‌తో (ప్రత్యేక శక్తులున్న పాత్రలతో) క్లాసిక్, దాగుడుమూతలు, ఈ మూడింట్లో మాకు ఏది సరిపోతుందో తేల్చుకోవాలని మొదలుపెట్టిన లెక్క ఇది.

1 నుంచి 3 వారాలు: రోల్స్ లేని క్లాసిక్

ఈ రకం ఆటలకు మూలమైన మాఫియా అనే ఆటను 1986లో మాస్కోలో డిమిత్రీ డేవిడాఫ్ తయారుచేశాడు. దాని కీలకం ఒక్కటే: కొద్దిమందికి అంతా తెలుసు, ఎక్కువమందికి ఏమీ తెలియదు. 2018లో వచ్చిన అమాంగ్ అస్ కూడా మొదట్లో అంతే, క్రూమేట్లు, ఇంపోస్టర్లు, అంతకు మించి ఏమీ లేదు. అందుకే మేమూ రోల్స్ అన్నీ సున్నాకి పెట్టి అక్కడినుంచే మొదలుపెట్టాం.

మొదటి తప్పు ఇద్దరు ఇంపోస్టర్లను పెట్టడం. ఎనిమిది మందిలో ఇద్దరు వాళ్లైతే క్రూమేట్లు ఆరుగురు. ఇద్దరు చస్తే మిగిలేది నలుగురు. అప్పుడు మీటింగ్‌లో పొరపాటున మనవాడినే ఒకడిని బయటకి తోస్తే ముగ్గురు. ఇంకొక్క హత్య జరిగితే ఇద్దరికి ఇద్దరు, సమానమైతే ఇంపోస్టర్లదే గెలుపు. ఒక్క తప్పు ఓటుతో ఆట చేజారిపోతుంది, ఆలోచించడానికి రెండో మీటింగ్ కూడా మిగలదు. ఒకరినే పెట్టాక మాటలకు చోటు దొరికింది. ఇప్పుడు పది మంది చేరితేనే ఇద్దరిని పెడుతున్నాం.

తర్వాత మార్చినవి: కిల్ కూల్‌డౌన్ (ఒక హత్య తర్వాత ఇంకోదానికి ఇంపోస్టర్ ఆగాల్సిన సమయం) 30 సెకన్లు, వేగం 1.25, క్రూమేట్ చూపు 0.75, చర్చకు 30 సెకన్లు, ఓటుకు 90 సెకన్లు. ఎవరు ఎవరికి ఓటేశారో కనపడదు. తోసేసినవాడు ఇంపోస్టరో కాదో ఆట చెప్పదు. విజువల్ టాస్కులు, అంటే చేస్తుంటే పక్కవాళ్లకు కనపడేవి, కూడా ఆపేశాం. అవి ఉంటే మెడ్‌బేలో స్కాన్ చేయించుకున్నవాడు అక్కడికక్కడే నిర్దోషి అయిపోతాడు, ఇక వాడి మాటను ఎవరూ పరీక్షించరు. అందరి టాస్కులూ కలిపి ఎంత అయ్యాయో చూపే టాస్క్ బార్ మీటింగ్‌లో మాత్రమే కదిలేలా పెట్టాం. లేకపోతే పక్కన నిలబడి "నువ్వు పూర్తి చేశావు కదా, బార్ ఎందుకు పెరగలేదు?" అని పట్టేయవచ్చు. మోడ్ పేరు మారకపోయినా ఈ నాలుగు స్విచ్‌లతో ఆట పూర్తిగా వేరే ఆట అయింది.

ఈ వారాల్లో నాకు బాగా ఉపయోగపడింది కామన్ టాస్కుల సంగతి. స్కెల్డ్‌లో కార్డ్ స్వైప్ గానీ వైర్లు కలపడం గానీ వస్తే అందరికీ వస్తుంది, లేకపోతే ఎవరికీ రాదు. నాకు కార్డ్ స్వైప్ లేని ఆటలో ఎవరైనా అడ్మిన్‌లో కార్డ్ గీస్తూ నిలబడితే వాడు నటిస్తున్నట్టే. ఒకే ఒక్కసారి అలా దొరికారు, ఆ తర్వాత అందరూ జాగ్రత్తపడ్డారు.

నా కష్టం మాత్రం మీటింగ్‌లో. శవం చూసినా చెప్పలేకపోయేదాన్ని. "ఎక్కడ?" అని అడిగితే గది పేరు గుర్తొచ్చేది కాదు. "ఏ దారిన వచ్చావు?" అంటే తడబడేదాన్ని, ఆ తడబాటుకే ఓట్లు పడేవి. మూడు వారాల్లో క్రూమేట్‌గా ఉండి కూడా నన్ను అయిదుసార్లు తోసేశారు.

4, 5 వారాలు: దాగుడుమూతలు

నాలుగో శనివారం ఓట్ల దగ్గర మాటా మాటా పెరిగింది. ఆ టెన్షన్ తగ్గాలని మోడ్ మార్చాం. ఈ మోడ్ 2022 డిసెంబరులో వచ్చింది. అంతకు ముందు జనం సొంత నియమాలు పెట్టుకుని క్లాసిక్‌లోనే ఇలా ఆడుకునేవారు. ఇందులో ఇంపోస్టర్ ఎవరో మొదటే అందరికీ తెలుసు. మీటింగ్ లేదు, శవాన్ని రిపోర్ట్ చేయడం లేదు, సబొటాజ్ (లైట్లు ఆర్పడం లాంటి పాడుచేసే పని) లేదు. గడియారం సున్నాకి చేరేదాకా ఒక్కరైనా బతికితే క్రూమేట్లు గెలిచినట్టు. టాస్క్ పూర్తి చేసిన కొద్దీ ఆ సమయం తగ్గుతుంది కాబట్టి ఒకే మూలలో కూర్చోవడం లాభం కాదు. క్రూమేట్లు కూడా వెంట్‌లో దూరవచ్చు, కానీ కొన్నిసార్లే. వేటగాడు దగ్గరికి వస్తుంటే డేంజర్ మీటర్ నిండుతుంది, సంగీతం ఉధృతమవుతుంది. చివరి ఘట్టంలో వాడి వేగం పెరుగుతుంది, మనం ఎక్కడున్నామో వాడికి సూచనలు అందుతాయి.

చిన్నపిల్లల ఆట అనుకుని మొదలుపెట్టాను. అది నా పొరపాటు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మ్యాప్ ఎంత త్వరగా ఒంటబడుతుందో అప్పుడు తెలిసింది. షీల్డ్స్ నుంచి స్టోరేజ్‌కి, అక్కడినుంచి అడ్మిన్ మీదుగా కెఫెటేరియాకి, మెడ్‌బే ముందు నుంచి అప్పర్ ఇంజిన్‌కి, ఈ దారులు పేర్లతో సహా గుర్తుండిపోయాయి. మెడ్‌బేకి రెండో తలుపు లేదని, అక్కడికి పరిగెత్తితే మనమే చిక్కుతామని చచ్చి నేర్చుకున్నాను. టార్చ్ వెలుగు పడినంత మేరే కనిపిస్తుంది కాబట్టి ఏ తలుపు దగ్గర నిలబడితే గదిలో ఎంత భాగం కనిపిస్తుందో కూడా మనసులో పడింది. ఇదంతా ఎవరితోనూ వాదించకుండా, ఎవరి అనుమానానికీ జవాబు చెప్పకుండా నేర్చుకోగలిగాను. మాటలంటే భయపడే కొత్తవాళ్లకు మొదట ఈ మోడ్‌నే చూపించాలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

రెండు వారాలకు మించి మాత్రం మా గుంపు దీన్ని ఆడలేదు. మొదట్లోనే చచ్చినవాళ్లకు ఎదురుచూపు తప్ప పెద్దగా పని ఉండదు. అబద్ధం లేని చోట మావాళ్లకు అంత మజా రాలేదు కూడా.

6 నుంచి 8 వారాలు: రోల్స్

సైంటిస్ట్, ఇంజనీర్, గార్డియన్ ఏంజెల్, షేప్‌షిఫ్టర్ 2021 నవంబరులో వచ్చాయి. ట్రాకర్, నాయిస్‌మేకర్, ఫాంటమ్ 2024లో చేరాయి. మేము ఒకేసారి అన్నీ పెట్టేశాం. మొదటి రాత్రి మీటింగుల్లో ఒక్క నిజం కూడా నిలబడలేదు. "వాడు వెంట్‌లో దిగడం చూశాను" అంటే "నేను ఇంజనీర్‌ని" అంటాడు, ఇంజనీర్ క్రూమేట్ అయినా వెంట్ వాడగలడు మరి. "రెడ్ చంపడం కళ్లారా చూశాను" అంటే "అది షేప్‌షిఫ్టర్ నా రూపంలో వచ్చి చంపింది" అంటాడు రెడ్ (ఆటలో అందరినీ వాళ్ల రంగు పేరుతోనే పిలుస్తాం). క్లాసిక్‌లో కంటితో చూసిందే పెద్ద సాక్ష్యం, ఇక్కడ దానికే విలువ పోయింది.

ఆ తర్వాత ఒక్కో వారం ఒక్కో రోల్ పెట్టి చూశాం. ఇంజనీర్ వచ్చే అవకాశాన్ని 100 శాతానికి పెడితే ఆటలో ఒకడు తప్పకుండా ఉన్నాడని అందరికీ తెలుసు, కాబట్టి ఇద్దరు అదే రోల్ చెప్పుకుంటే ఒకడు అబద్ధమాడుతున్నట్టే. 50 శాతం పెడితే అసలు ఉన్నాడో లేడో తెలియదు, ఇంపోస్టర్‌కి ఆ చెప్పుకోలు ఉచితంగా దొరికినట్టు. మాకు 100 శాతమే బాగుంది. నాయిస్‌మేకర్ చస్తే ఆ చోటు అందరికీ తెలిసిపోతుంది, జనం పరిగెత్తుకొస్తారు. ఎనిమిది మందికి అది నాకు చాలా నచ్చింది. షేప్‌షిఫ్టర్‌ని తీసేశాం. ఎక్కువమంది ఉంటే అదే గందరగోళం అందంగా ఉంటుందేమో గానీ, ఎనిమిది మందిలో అది చర్చను మింగేస్తోంది.

9, 10 వారాలు: మళ్లీ క్లాసిక్

తొమ్మిదో వారం రెండో ఆట గురించి నోట్‌బుక్‌లో రెండు పేజీలు ఉన్నాయి. నలుగురం మిగిలాం, ఇంపోస్టర్ ఒక్కరే. లైట్లు ఆరిపోయాయి. ఎవరైనా ప్యానెల్ దగ్గరికి చేరేలోపే లోయర్ ఇంజిన్‌లో సయాన్ శవం దొరికింది. మీటింగ్‌లో ఎల్లో, అంటే మా పిన్ని కొడుకు, చాలా నిబ్బరంగా చెప్పాడు: "అక్కా, నేను నావిగేషన్ నుంచి షీల్డ్స్ మీదుగా వస్తున్నా. లైట్లు పోయాయి. స్టోరేజ్ గుమ్మంలోకి వచ్చేసరికి అటు చివర ఎలక్ట్రికల్ వైపు గుమ్మం దగ్గర గ్రీన్ ఉన్నాడు. మేమిద్దరం అక్కడే ఉన్నాం, మాలో ఎవరూ కాదు."

గ్రీన్ కూడా ఒప్పుకున్నాడు, తను ఆ చోటే ఉన్నాడట. మూడో వారంలో అయితే ఆ మాటకు నేను తడబడి ఉండేదాన్ని. ఇప్పుడు ఆ గుమ్మం నా కళ్లముందు మెదిలింది. లైట్లు ఆరితే క్రూమేట్ చూపు చుట్టూ నాలుగడుగులకు కుంచించుకుపోతుంది, ఇంపోస్టర్ చూపు మాత్రం తగ్గదు. స్టోరేజ్ పెద్ద గది. ఆ గుమ్మం నుంచి అటు గుమ్మం దాకా చీకట్లో కనిపించదు.

"చీకట్లో అంత దూరాన ఉన్న గ్రీన్ నీకెలా కనిపించాడురా?" అని అడిగాను.

వాడు వెంటనే "దగ్గరికి వెళ్లాకా" అన్నాడు. "నా దగ్గరికి ఎవరూ రాలేదు" అన్నాడు గ్రీన్. ఓటు గడువు ఇంకా 40 సెకన్లు ఉంది. మేం ముగ్గురం, తప్పు ఓటు పడితే అక్కడితో అయిపోయేది. నేను ఎల్లోకి వేశాను, గ్రీన్ కూడా. తెర మీద క్రూమేట్లు గెలిచినట్టు రాగానే నా చేతులు వణుకుతున్నాయి.

పదో వారం నుంచి ప్రతి శనివారం మొదటి రెండు ఆటలు దాగుడుమూతలు, ఆ తర్వాత ఒక ఇంజనీర్, ఒక నాయిస్‌మేకర్‌తో క్లాసిక్. వచ్చేవారం మీరా హెచ్‌క్యూ అనే మరో మ్యాప్‌కి వెళ్తున్నాం. అక్కడ వెంట్‌లన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి కాబట్టి ఎలక్ట్రికల్ లాంటి ఒక్క గదిని తప్పించుకుంటే సరిపోదు. ఇంజనీర్‌ని మాత్రం ఆ ఒక్క రాత్రికి తీసేసి, చూపు 0.75 దగ్గరే ఉంచి చూస్తాను.