బోర్లించి చూడని టెలిఫోన్‌కి పాట పాడొద్దు

వేలం కేటలాగులో టెలిఫోన్‌కి ముఖం మాత్రమే కనిపిస్తుంది. డయల్ మెరుస్తుంటుంది, రిసీవర్ ఊయలలో హుందాగా కూర్చుని ఉంటుంది. దాని జాతకం మాత్రం అడుగున ఉంటుంది. బ్రిటన్‌లో వేలం సంస్థల గోదాముల్లో గంటల లెక్కన పనికి కుదిరి సామాను దించి, ఫోటోలు తీసి, లాట్ (పాటకి పెట్టిన వస్తువు) చీటీలు అంటించి, పార్సిళ్లు కట్టే మనవాళ్లు పాత ఫోన్ చేతికి రాగానే ముందు దాన్ని మెత్తటి గుడ్డ మీద బోర్లిస్తారు. తెర ముందు కూర్చుని పాట పాడేవాళ్లకి అందని పని అదే. కాబట్టి ఆ పని చేయించి, ఫోటో పంపమని అడగాలి. అడిగితే చాలా సంస్థలు పంపుతాయి. పాట మొదలయ్యే రోజు పొద్దున అడిగితే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు, రెండు మూడు రోజుల ముందే రాయాలి.

అప్పట్లో బ్రిటన్‌లో టెలిఫోన్లు పోస్టాఫీసు చేతిలో ఉండేవి. ఆ పోస్టాఫీసు ఫోన్లలో ఎక్కువగా పాటకి వచ్చేవి మూడు మోడళ్లు. 1929లో వచ్చిన 162, 1934లో వచ్చిన 232, 1937లో వచ్చిన 332. మొదటి రెండూ పైకి ఒకేలా, పిరమిడ్ ఆకారంలో ఉంటాయి. మాట్లాడేవాళ్ల గొంతు వాళ్ల చెవిలోనే మోగడాన్ని తగ్గించే సర్క్యూట్ 232లో ఉంది, 162లో లేదు. ఈ రెండింటిలోనూ గంట ఉండదు. గంట పెట్టె విడిగా గోడకి ఉండేది, లేదా ఫోన్ కిందే బిగించేవారు. ఇది తెలియక కొని, ఇంటికొచ్చాక ‘మోగట్లేదు’ అని ఫిర్యాదు రాసేవాళ్లకి కొదవ లేదు. 332లో గంటలు లోపలే ఉంటాయి. దాని ముందు భాగంలో నంబర్లు రాసుకునే చిన్న సొరుగు కూడా ఉండొచ్చు. సొరుగు ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తే ధరలో ఆ మేరకు తగ్గించుకోవాలి.

అడుగున మోడల్ నంబరు, సంవత్సరం అచ్చు ఉంటాయి. రిసీవర్ మీదా, డయల్ వెనకా వాటి గుర్తులు వేరేగా ఉంటాయి. ఫోన్ పెట్టె 1930ల నాటిది, రిసీవర్ 1950ల నాటిది అయితే దాన్ని ఈ వ్యాపారంలో ‘మ్యారేజ్’ అంటారు. అది మోసమే కానక్కర్లేదు, పోస్టాఫీసు వాళ్లే రిపేరుకి వచ్చిన ఫోన్లకి భాగాలు మార్చి మళ్లీ పంపేవారు. అయినా ఒరిజినల్ ధర పెట్టకూడదు.

అసలు డబ్బంతా రంగులో ఉంది. నల్ల 232 ఎక్కడైనా దొరుకుతుంది. ఎరుపు, ఐవరీ, అన్నిటికన్నా జేడ్ గ్రీన్ అయితే ధర ఎన్నో రెట్లు పలుకుతుంది. మోసం కూడా అక్కడే పుడుతుంది. బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్ ముదురు రంగుల్లోనే వస్తుంది, లేత రంగుల ఫోన్లు వేరే ప్లాస్టిక్‌తో చేసినవి. 332 లాంటి 300 సిరీస్ రంగు ఫోన్లు అక్రిలిక్ ప్లాస్టిక్‌వి. కాబట్టి ‘గ్రీన్ బేకలైట్’ అని రాసి ఉంటే రాసిన మనిషికి తెలియదన్నా అనుకోవాలి, తెలిసే రాశాడన్నా అనుకోవాలి. నల్ల ఫోన్‌కి రంగు కొట్టి అమ్మితే పట్టించేవి మూడు చోట్లు: అడుగు రేకు విప్పాక కనిపించే లోపలి గోడ, స్క్రూ రంధ్రాల అంచు, మౌత్‌పీస్ విప్పాక కనిపించే మర. అసలైన రంగు ఫోన్ లోపలా బయటా ఒకే రంగు. పెయింట్ అయితే మర దగ్గర చెక్కు లేచి నలుపు బయటపడుతుంది. ఈ మూడింటి ఫోటోలు అడిగితే ‘విప్పడం కుదరదు’ అన్న జవాబు వస్తే ఆ లాట్ వదిలేయడమే మేలు.

పగుళ్లు మామూలు లైటులో కనపడవు. టార్చిని పక్క నుంచి, పెట్టెకి దాదాపు ఆనించి వేస్తే వెంట్రుకంత గీత కూడా నీడ వేస్తుంది. రిసీవర్ కూర్చునే కొమ్ములు, వాటి కింద మెడ, నాలుగు మూలలు, రిసీవర్ పిడి మధ్య భాగం, తీగ బయటికొచ్చే రంధ్రం, ముందు ఇవి చూడాలి. బేకలైట్ పైపొర అరిగితే లోపలి కర్రపొట్టు బయటపడి గోధుమరంగు మచ్చలా మాసిపోతుంది. అది పాలిష్‌తో పోదు. పాలిష్ ఎంత ఎక్కువ చేస్తే అంత అరుగుతుంది.

డయల్ పరీక్ష సులువు. సున్నా తిప్పి వదిలితే సెకనుకి పది పల్సుల (లైను మీదికి వెళ్లే విద్యుత్ సంకేతాల) చొప్పున తిరిగి, ఒక సెకను దాటి కొంచెంలో చోటికి చేరాలి. మధ్యలో నీరసించి ఆగితే చాలావరకు గవర్నర్‌లో (డయల్ వేగాన్ని అదుపులో ఉంచే భాగంలో) నూనె బంకలా గడ్డకట్టి ఉంటుంది. అది శుభ్రం చేస్తే సరిపోతుంది. గొంతు నీరసంగా వినిపిస్తే మైకులోని కార్బన్ రేణువులు గడ్డకట్టి ఉండొచ్చు, రిసీవర్‌ని అరచేతికి రెండుసార్లు తట్టి చూస్తారు. ఒక మాట: బ్రిటన్‌లో పాత రాగి లైన్ల మీది అనలాగ్ ఫోన్ సేవని 2027 జనవరికల్లా ఆపేయాలన్నది నిర్ణయం. ఇంటర్నెట్ రౌటర్లు చాలావాటికి డయల్ పల్సులు అర్థం కావు, మధ్యలో కన్వర్టర్ పెట్టాలి. ‘పనిచేస్తుంది’ అన్న మాటకి ఏ లైను మీద అని అడగడం మంచిది.

స్వీడన్ కంపెనీ ఎరిక్సన్ వాళ్ల 1892 నాటి అస్థిపంజరం ఫోన్‌కి (పెట్టె లేకుండా లోపలి భాగాలు బయటికి కనిపించేది) నకళ్లు చాలా ఉన్నాయి. దానికీ ఒక చిట్కా ఉంది. అసలు దానిలో వంపు తిరిగిన కాళ్లు అలంకారం కాదు, లోపలి మాగ్నెటోకి (చేత్తో తిప్పితే కరెంటు పుట్టించే యంత్రానికి) అవే అయస్కాంతాలు. పేపర్ క్లిప్ కాలికి అంటుకున్న ఫోటో ఒక్కటి చాలు. అమెరికన్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ 500 అయితే పెట్టె, డయల్, రిసీవర్, గంట, అన్నిటి మీదా తేదీలు ఉంటాయి. అవి ఒకదానికొకటి దగ్గరగా ఉంటే సేకర్తలు ఎక్కువ పెడతారు. 1950ల నాటి రంగు 500లు టెనైట్ అనే మెత్తని ప్లాస్టిక్‌వి. కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోతాయి, వెలిసిపోతాయి, పుల్లటి వాసన కూడా వేస్తాయి.

కొత్తగా ఈ గోదాము ఉద్యోగంలో చేరిన మనవాళ్లు తడబడేది వస్తువు దగ్గర కాదు, భాష దగ్గర. కేటలాగులో ‘ఎ/ఎఫ్’ అని ఉంటే లోపాలతో సహా ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నామని అర్థం. దాన్ని ఏదో మోడల్ పేరనుకుని కండిషన్ రిపోర్టులో వదిలేస్తే తర్వాత తలనొప్పి. పరీక్షించని ఫోన్‌కి ‘అన్‌టెస్టెడ్’ అనే రాయాలి, చూడ్డానికి బాగుందని ‘వర్కింగ్’ అని రాయకూడదు. ఫోన్‌లో పాడేవాళ్ల ధరలు అందుకునే బల్ల దగ్గర ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ తేడా మన ఉచ్చారణలో తేలిగ్గా కలిసిపోతుంది. ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని అంకెలు విడగొట్టి, అవతలివాళ్ల చేత అవుననిపించుకున్నాకే చెయ్యెత్తాలి.

డబ్బు లెక్క ముందే కాగితం మీద వేసుకోవాలి. పాట 100 పౌండ్ల దగ్గర ఆగిందనుకోండి. బయర్స్ ప్రీమియం (కొన్నవాళ్లు పాట ధర మీద వేలం సంస్థకి అదనంగా ఇచ్చే రుసుము) 25 శాతమైతే 25, దాని మీద వ్యాట్ 20 శాతం అంటే 5. ఆన్‌లైన్ వేదిక 5 శాతం తీసుకుంటే 5, దాని వ్యాట్ 1. మొత్తం 136, పార్సిల్ ఖర్చు కాక. శాతాలు సంస్థని బట్టి మారతాయి, షరతుల పేజీలో ఉంటాయి. గరిష్ఠ ధర ముందే పెట్టి వదిలేస్తే యంత్రమే మెట్టు మెట్టుగా మీ తరఫున పాడుతుంది. ఆఖరి క్షణంలో పాడితే చాలనుకునేవాళ్లకి టైమ్డ్ (గడువు పెట్టి ఆన్‌లైన్‌లో నడిపే) వేలాల్లో చుక్కెదురే, చాలా వేదికల్లో చివర్లో పాట పడితే గడువు దానంతటదే పొడుగవుతుంది.

పాట దక్కాక అసలు ప్రమాదం పార్సిల్ పెట్టెలో ఉంటుంది. రిసీవర్‌ని ఊయల మీదే ఉంచి చుట్టేస్తే, దారిలో ఒక్క కుదుపుకి దాని బరువే కొమ్ముని విరిచేస్తుంది. రిసీవర్ దించి, విడిగా చుట్టి, పక్కన పెట్టాలి. గంటల మధ్య కొట్టుకునే సుత్తికి కాగితపు ఉండ అడ్డం పెట్టాలి. మెరిసే ఒంటికి ముందు టిష్యూ కాగితం, దాని మీదే బబుల్ రాప్. నేరుగా చుడితే బుడగల అచ్చు పడుతుంది. టిష్యూ బదులు వార్తాపత్రిక కాగితం వాడితే ఐవరీ ఫోన్‌కి సిరా అంటుకుంటుంది. లోపలి పెట్టెకీ బయటి పెట్టెకీ మధ్య అన్ని వైపులా ఐదు సెంటీమీటర్ల మెత్త ఉండాలి. ఊపితే చప్పుడు రాకూడదు. టేపు వేసే ముందు ప్రతి పొరకీ ఒక ఫోటో తీసి ఉంచుతారు. పగిలి చేరితే పరిహారం అడిగేటప్పుడు కొరియర్ వాళ్లు ముందు అడిగేవి ఆ ఫోటోలనే.