ఐదు లీటర్ల డబ్బా చాల్లేదు

ల్యాబ్ కుర్రాడు తెల్ల ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, "రేపు పొద్దున ఏడింటిదాకా వచ్చే మూత్రం మొత్తం ఇందులోనే పట్టాలి మేడమ్" అన్నాడు. ఐదు లీటర్ల డబ్బా. రాత్రి పదకొండున్నరకే నిండిపోయింది. మావారు వంటింట్లో వెతికి ఒక వాటర్ క్యాన్ కడిగి తెచ్చారు. పొద్దున రెండూ బల్ల మీద పెడితే ఆ అబ్బాయి, "నీళ్లేమైనా కలిశాయా?" అని నా వంక అనుమానంగా చూశాడు. లెక్క 7.2 లీటర్లు తేలింది. మామూలుగా రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు వస్తుంది.

నాకు బైపోలార్, అంటే మనసు పట్టలేని ఉత్సాహానికీ లోతైన దిగులుకూ మధ్య ఊగిపోయే జబ్బు. దానికి పదకొండేళ్లుగా లిథియం అనే మాత్ర వేసుకుంటున్నాను. అంతకుముందు రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాను. ఇవాళ బడికి వెళ్లి పాఠాలు చెబుతున్నానంటే ఆ మాత్ర చలవే. అందుకే దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

దాహం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. తల దగ్గర పెట్టుకునే గ్లాసు కాస్తా రెండు లీటర్ల సీసా అయింది. రాత్రి నాలుగైదుసార్లు లేచేదాన్ని. అందరూ షుగరే అన్నారు. మూడుసార్లు పరీక్ష చేయిస్తే మూడుసార్లూ నార్మలే. "అన్నేసి నీళ్లు తాగితే రాక ఏమవుతుందమ్మా, తగ్గించు" అనేవారు అత్తయ్య. వినడానికి సబబుగానే ఉంటుంది. అసలు సంగతి తలకిందులు. ఒంట్లోంచి నీరు పోతోంది కాబట్టే దాహం వేస్తోంది.

మే నెలలో పెళ్లికని ఏలూరు నుంచి హైదరాబాద్ బస్సెక్కాం. మాటిమాటికీ బస్సు ఆపమనడానికి సిగ్గేసి, ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసి పెదాలు తడుపుకుంటూ కూర్చున్నాను. దానికి తోడు మోకాలి నొప్పని మూడు రోజులుగా ఐబుప్రొఫెన్ మింగుతున్నాను. పెళ్లిలో అక్షింతలు వేయబోతే చేయి వణికి పిడికెడూ కిందే రాలిపోయాయి. మాట ముద్దగా వచ్చింది. తూలుతుంటే ఎవరో కుర్చీ వేశారు.

ఆసుపత్రిలో చూస్తే రక్తంలో లిథియం 1.9. నాకు 0.6, 0.8 మధ్య ఉండాలి. సోడియం, అంటే రక్తంలో ఉప్పు, 145 దాటకూడదు, 150 ఉంది. మామూలు సెలైన్ పెట్టారు. సోడియం 155కి ఎక్కింది! అప్పుడొచ్చిన కిడ్నీ డాక్టరమ్మ, "రోజుకు ఎన్నిసార్లు వెళ్తారు?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. ఉప్పు సెలైన్ ఆపించి, ఉప్పు లేని డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ నీళ్లు) పెట్టించారు. సోడియం మెల్లగా దిగింది.

కిడ్నీకి నీళ్లు ఆపమని మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోన్‌తో కబురు పెడుతుందట. ఆ కబురుతో ఆక్వాపోరిన్ అనే నీటి దారులు తెరుచుకుని నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. లిథియం సోడియం వెళ్లే దారినే కిడ్నీ కణాల్లోకి దూరి, ఆ నీటి దారుల్ని తగ్గించేస్తుంది. మా ఏలూరు కాలువ భాషలో చెప్పాలంటే, కబురు లాకుల దాకా వచ్చింది, తలుపులెత్తే మనిషే లేడు. దీని పేరు నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్. పేరులో డయాబెటిస్ ఉన్నా షుగర్‌తో సంబంధం లేదు. పైగా ఒంట్లో నీరు తగ్గినా, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకున్నా కిడ్నీ లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతుంది. నేను రెండూ చేశాను.

లిథియం మానేస్తానన్నాను. మానసిక వైద్యుడు వద్దన్నారు. రెండు రకాల డాక్టర్లూ మాట్లాడుకుని 900 మిల్లీగ్రాముల్ని 600 చేసి, మొత్తం రాత్రి ఒకేసారి వేసుకోమన్నారు. లిథియం దూరే దారిని మూసే అమిలోరైడ్ కలిపారు. దానివల్ల పొటాషియం పెరగొచ్చు కాబట్టి అదీ చూస్తారు. లిథియం వేసుకున్న పన్నెండు గంటలకు పరీక్షకు రక్తం ఇచ్చి రావాలి. మూడు నెలలకు నాలుగు లీటర్లకు దిగాను. పూర్తిగా పోలేదు. దాహమేస్తే తాగుతాను, ఎవరేమన్నా తాగుతాను. ఇప్పుడు అత్తయ్యే సీసా నింపి పెడుతున్నారు.

మొన్న ఓపీ బెంచీ మీద పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. మూర్ఛకు ఆక్స్‌కార్బజెపైన్ వాడుతున్నారట. ఆవిడది నా కథకు తలకిందులు. ఆ మందు నీటిని ఒంట్లోనే ఆపేసి ఆవిడ సోడియాన్ని 121కి దింపింది. ఇప్పుడు రోజుకు లీటరే తాగాలట. ఆవిడ చూపంతా నా సీసా మీదే ఉంది. తీసి సంచిలో పెట్టుకున్నాను.